పదికి రెండు

రావల్కోల్,
17 నవంబరు 2003.

షామీర్‌పేటలో చర్చి వెనుక సందులో నివసించు విశ్రాంత లెక్కల ఉపాధ్యాయులు శ్రీ మోషే గారికి,

రావల్కోల్ నుంచి జనార్ధన్ రెడ్డి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాం అని మొదలుపెట్టడం రివాజు. నేను క్షేమంగా లేను. మీ క్షేమం గురించి తలచి చాలా ఏళ్లయింది. కాబట్టి ఆ వాక్యం వదిలేసి, మీ దేవుడో మా దేవుడో, ఎవరు తీరికగా ఉంటే వారు మీ ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం ఇవ్వాలని మాత్రం కోరుతున్నాను.

ఒకప్పుడు మిమ్మల్ని 'నువ్వు' అనేవాణ్ణి. మేడ్చల్ హైస్కూలు స్టాఫ్‌రూములో మనిద్దరం ఒకే డబ్బాలోంచి తిన్న రోజులవి. ఇప్పుడు 'మీరు' అంటున్నానంటే గౌరవం పెరిగిందని అనుకోవద్దు.

విషయం మీ అమ్మాయి కెజియా గురించి. ఆమె మేడ్చల్‌లో కొత్తగా పెట్టిన నర్సింగ్ హోములో మత్తు డాక్టరుగా పనిచేస్తున్న సంగతి మీకు తెలుసు. నాకు తెలియదు. తెలిసి ఉంటే నగరానికి పోయేవాణ్ణి.

దసరా తరువాత కత్తిరింపు ఉంటుందని ద్రాక్ష పందిరి ఇనుప తీగలు బిగిస్తున్నాం. ఈ చుట్టుపక్కల తోటలు ఎన్ని మిగిలాయో మీరు బస్సులో వస్తూ పోతూ చూస్తూనే ఉంటారు. పందిళ్లు పీకేసి ప్లాట్ల హద్దులకు తెల్ల రాళ్లు పాతుతున్నారు. నాది ఇంకా ఉంది. తీగ లాగుతుంటే పందిరి మోసే ఒక రాతి కడీ మొదలు దగ్గర విరిగి నా ఎడమ చేతి మీద పడింది. అరచేతిలోనూ మణికట్టులోనూ ఎముకలు నలిగాయి. చూడవచ్చిన ప్రతివాడిదీ ఒకే ఓదార్పు: "ఎడమ చెయ్యే గద పటేలా, పోనియ్యి." వాళ్లలో ఒక్కడు కూడా ద్రాక్ష కత్తిరించిన పాపాన పోలేదు. కుడి చేయి కత్తెర పట్టుకుంటుంది, అంతే. ఎడమ చేయి కొమ్మను వేళ్ల మధ్య తిప్పి, ఏ కన్ను చిగురించి కాస్తుందో ఏది గొడ్డుపోతుందో తడిమి చెబుతుంది. అది చెప్పకపోతే కుడి చేయి గుడ్డిది.

నా తమ్ముడి కొడుకు నరసింహ మీకు గుర్తుండే ఉంటాడు. తొమ్మిదో తరగతి లెక్కల్లో మీరు ముప్ఫై ఒకటి వేసి ఆపేసిన పిల్లవాడు. నాలుగు మార్కులు కలపమని నేను స్టాఫ్‌రూములో అందరి ముందూ అడిగాను. "నాలుగు మార్కులు నా జేబుల లెవ్వు సార్, పిల్లగాని కాయితంల గూడ లెవ్వు" అన్నారు మీరు. ఆ రోజుతో మన మాటలు బంద్ అయ్యాయి. వాడు బడి మానేశాడు. ఇప్పుడు ప్లాట్లు అమ్ముతాడు. తండ్రి తోటను తానే దగ్గరుండి పీకించి వెంచర్ వేశాడు. నన్ను కారులో ఆసుపత్రికి తీసుకుపోతూ కూడా అదే పాట: "పెద్దనాయినా, చెయ్యి వంగకపోతే ఏప్రిల్ కత్తిరింపు ఎవడు జేస్తడు? కూలోళ్లంత అపార్టుమెంట్ల పనికి వోయిండ్రు. నీ తోట గూడ నాకియ్యి, రోడ్డు బిట్టు, జల్దీ అమ్ముడువోతది." రక్తం కారుతున్న చేతిని ఒళ్లో పెట్టుకుని ఈ మాటలు విన్నాను. లెక్క మీకు వివరించనక్కర్లేదు. చేయి పనిచేస్తే తోట ఉంటుంది. చేయి పోతే తెల్ల రాళ్లు.

ఆపరేషన్ ముందు మీ అమ్మాయి నా మంచం దగ్గరికి వచ్చింది. చిన్నప్పుడు మీ సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని బడికి వచ్చేదే, ఆ పిల్ల. నేను గుర్తుపట్టలేదు. ఆమె గుర్తుపట్టింది. "సార్, నేను మోషే సారు బిడ్డను" అంది. ఇంకో డాక్టరు ఎవరైనా ఉన్నారేమోనని తలుపు వైపు చూశాను. నిద్రపుచ్చరట, చేయి ఒక్కటే మొద్దుబారుస్తారట. మొద్దుబార్చే మందులో ఇంకో మందు కలుపుతుందట. దానివల్ల ఆపరేషన్ అయిపోయాక కూడా చాలాసేపు నొప్పి దగ్గరికి రాదట. ముసలివాళ్లకు ఎంత కలిపితే చాలునో ఇంకా చూస్తున్నానని, నాకు ఇష్టమైతేనే కలుపుతానని అంది. ఒప్పుకున్నాను. ఆకుల రసం నుంచి మొదలైన ఈ మొద్దుబార్చే మందుల కథ నేను ఎప్పుడో చదివాను. ఆ కథ ఆమెకు చెప్పబోతే ఓపికగా వింది, తరువాత తన మాట ఎత్తుకుంది. "ఆపరేషనైనంక నేను అప్పుడప్పుడొచ్చి అడుగుత సార్. సున్న నుంచి పది దాక..." అని మొదలుపెట్టింది.

నేను అక్కడే ఆపాను. "అమ్మాయీ, నేను ముప్ఫై ఏండ్లు పేపర్లు దిద్దినోన్ని. పదికి మార్కులెట్లెయ్యాల్నో నాకు జెప్పకు" అన్నాను. ఆమె నవ్వింది. అంతలో లోపలి నుంచి పిలుపు వస్తే వెళ్లిపోయింది. ఆమె నవ్వు నాకు నచ్చలేదు. కానీ మోషే గారూ, ఒక్క సంగతి మీతో దాచను. మీ ఇంటి మనిషి తనంతట తాను వచ్చి మార్కులు వేయమంటే నాకు లోపల ఎంత చల్లగా అనిపించిందో చెప్పలేను.

మెడ పక్కన, భుజం ఎముక పైన సూది గుచ్చింది. బొటనవేలి దాకా కరెంటు పాకింది. చేయి ఛాతీ మీద మడిచి ఉన్నప్పుడు బరువెక్కి, తరువాత పూర్తిగా మాయమైంది. మాయమైందంటే అదీ కాదు. నా చేయి ఛాతీ మీదే మడిచి ఉన్నట్టు నాకు స్పష్టంగా తెలుస్తోంది. పక్కకు చూస్తే ఎవరో ఒక చేతిని పైకెత్తి గోధుమ రంగు మందు పూస్తున్నారు. ముసలి చేయి, అసహ్యంగా వాచి ఉంది. "ఎవరిదది? నా మీదికి తెస్తున్నరు, అవతల పెట్టుండ్రి" అన్నాను. గదిలో అందరూ నవ్వారు. "మీదే సార్" అంది మీ అమ్మాయి. నమ్మలేదు. ఆపరేషన్ నడుస్తున్నంతసేపూ నా చేయి ఛాతీ మీద, వాళ్లు కోస్తున్న చేయి బల్ల మీద. ఏది నాదో ఇప్పటికీ నాకు అనుమానమే. ఎముకలు నిలవడానికి సన్నటి తీగలు దించారు. పందిరికి తీగ బిగించబోతే నాలోకే తీగలు వచ్చాయి.

ఇక అసలు సంగతి. సాయంత్రానికి మొద్దుదనం వదలడం మొదలైంది. మోషే గారూ, నేను తేలు కుట్టించుకున్నవాణ్ణి, పంటి వేరు పీకించుకున్నవాణ్ణి. ఇది వేరే. ఎవరో లోపలి నుంచి ఒక్కొక్క వేలినీ పిండుతున్నట్టు ఉంది. మీ అమ్మాయి వచ్చింది. "సార్, పదికి ఎంత?" అంది. ఇన్నేళ్లకు నాకు దొరికిన అవకాశం అది. పళ్లు బిగబట్టి, ముఖం ఏమాత్రం చెదరనీయకుండా, "రెండు" అన్నాను. ముప్ఫై ఒకటి కూడా కాదు, పదికి రెండు. ఆమె చిన్నబోతుందనుకున్నాను. "మంచిది సార్" అని సంతోషంగా రాసుకుని పోయింది!

నా పక్క మంచం మీద బాలమల్లు అని ఒకడు, గాజులరామారం వాడు. జీడిమెట్లలో రేకులు వంచే కార్ఖానాలో మిషన్ కింద చేయి పెట్టాడు. అతనికీ అదే రోజు ఆపరేషన్. అతని దగ్గరికి పోయి అదే ప్రశ్న అడిగింది. వాడు కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, "పది డాక్టరమ్మా! పదికి పది! దండం వెడత!" అన్నాడు. ఇంత ముఖస్తుతి నేను విద్యాశాఖలో కూడా చూడలేదు. పది వేసినందుకు వాడికి వెంటనే సూది ఇచ్చింది. కాసేపటికి వాడు గురక పెట్టాడు. నాకు ఏదీ లేదు.

నర్సు వచ్చి "తాతా, నొస్తాందా?" అంటే "మార్కు జెప్పిన గద, పో" అన్నాను. ఎవరి ముందు ఏడవాలి, మోషే బిడ్డ ముందా? పొద్దున మళ్లీ వచ్చింది, మళ్లీ అడిగింది, మళ్లీ రెండే వేశాను. మళ్లీ "చాల సంతోషం సార్" అంది. బాలమల్లు పొద్దున ఆరు వేశాడు, వాడికి మళ్లీ మందు.

నాకు ఏమీ అర్థం కావడం లేదు. తక్కువ మార్కు వేస్తే ఎవరికైనా కోపం రావాలి. ఈమెకు సంతోషం ఎందుకు? పొగిడినవాడికి మందు ఇచ్చి, నిజం చెప్పినవాణ్ణి పస్తు పెట్టడం ఏ వైద్యంలో ఉంది? లేక ఇదంతా మీరు ఇంట్లో నా గురించి చెప్పిన మాటల ఫలితమా? నన్ను చూడగానే ఆమె "సార్" అని దండం పెట్టింది, చెప్పులు మంచం కిందికి తానే జరిపింది. పగ పట్టిన మనిషి చెప్పులు జరుపుతుందా? ఒకటి చూస్తే ఇంకొకటి పొసగదు.

ఆమె కావాలనే నన్ను నొప్పికి వదిలేసిందా, లేదా? మీకు లెక్కల్లో దయాదాక్షిణ్యాలు లేవు. కాబట్టి మీరే తేల్చి చెప్పండి.

ఇట్లు,
జవాబు రాకపోయినా ఆశ్చర్యపడని
జనార్ధన్ రెడ్డి.


రావల్కోల్,
8 ఫిబ్రవరి 2004, ఆదివారం.

మోషే గారికి,

నమస్కారాలు. మీ కార్డు అందింది. నేను అన్ని పేజీలు రాస్తే మీరు రెండు ముక్కలు రాశారు: 'కెజియానే అడగండి. చేయి ఎట్లుంది?' అంతే. లెక్కల మాస్టర్లకు మాటలు ఖర్చవుతాయన్న భయం. చేయి ఎట్లుందో చెబుతాను, వినండి.

వంగడం లేదు. తీగలు తీసేశారు, ఎముకలు అతికాయి. వేళ్లు మాత్రం కొయ్య ముక్కల్లా నిలబడిపోయాయి. వ్యాయామం నేర్పించే అశ్రిత అనే అమ్మాయి మొదటి వారం నుంచీ మొత్తుకుంది. "వేళ్లు కదిలియ్యుండ్రి తాతా, గిప్పుడు కదిలియ్యకుంటే లోపల నరాలు అతుక్కపోతయి" అని. కదిలిస్తే ప్రాణం పోయేది. ఆమె రాగానే దుప్పటి కింద చేయి దాచుకునేవాణ్ణి. బాలమల్లు ఏడుస్తూ తిట్టుకుంటూ అయినా కదిలించాడు. అతనికి మందు పడింది కదా, కదిలించగలిగాడు. మొన్న డ్రెస్సింగు గదిలో కనిపించి పిడికిలి మూసి తెరిచి చూపించాడు. "జూడు సారూ, మళ్ల మిషన్ ఎక్కుతున్న" అన్నాడు. నాకు సంతోషం కలగలేదని రాస్తే మీరు నన్ను చెడ్డవాణ్ణి అనుకుంటారు. అనుకోండి.

చేతి డాక్టరు చెప్పాడు: అతుక్కున్నవాటిని విడదీయడానికి మళ్లీ కోయాలి. మరునాటి నుంచే వేళ్లు వంచాలి, వంచకపోతే మళ్లీ అతుక్కుంటాయి. అందుకోసం ఈసారి భుజం దగ్గర సన్నటి గొట్టం ఉంచి, కొన్ని రోజులు మందు కొద్దికొద్దిగా వదులుతారట. ఆ గొట్టం పెట్టేది, ఎంత వదలాలో చూసేది మీ అమ్మాయి. ఇది చేయించుకుంటే ఏప్రిల్ కత్తిరింపు నాటికి చేయి అందుకోవచ్చు.

నేను కుదరదన్నాను. పూర్తిగా నిద్రపుచ్చి చేసే పెద్ద ఆసుపత్రికి తీసుకుపొమ్మని నరసింహకు చెప్పాను. తీసుకుపోయాడు. జవహర్‌నగర్ మీదుగా పోయాం. ఆ చెత్తకుప్ప వాసనకు నేను ముక్కు మూసుకుంటే వాడు అద్దాలు దించి, ఇక్కడ కూడా రేట్లు పెరుగుతున్నాయని చెప్పాడు. వాడికి వాసన రాదు. దారిలో మీ ముప్ఫై ఒకటి సంగతి ఎత్తాను, వాడికి కాస్త రోషం రావాలని. "అయ్యో పెద్దనాయినా, గా సారు పుణ్యమే గద! పాసైతే యాడనో గుమాస్తా అయ్యేటోన్ని" అని ఫక్కున నవ్వాడు. ఇన్నేళ్లు నేను ఎవడి కోసం మీతో మాట్లాడలేదో వాడే నవ్వుతుంటే నేనేం చేయాలి? అది కూడా నాకు అర్థం కాలేదు.

పెద్ద ఆసుపత్రి డాక్టరు నా ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు. ఇన్నేళ్లు తోటలో గంధకం పొడి చల్లి చల్లి ఊపిరితిత్తులు పాడయ్యాయట. పూర్తి నిద్ర ప్రమాదమట. చేయి ఒక్కటే మొద్దుబార్చి చేయించుకోవాలట. ఎక్కడ చేయించుకున్నావని అడిగి, మేడ్చల్ అంటే, "ఆ డాక్టరమ్మ దగ్గరికే పోండి, ఈ పని బాగా తెలిసిన మనిషి" అన్నాడు. నా మీద కుట్రలో నగరం కూడా చేరింది.

తిరిగి వచ్చి మీ అమ్మాయిని కలిశాను. ఏమన్నదో తెలుసా? "మొదటిసారి మీకు నొప్పే లేకుండె గద సార్. ఈసారి గూడ గట్లనే జూసుకుందం" అంది. నా ముఖం మీదే అంది! పైగా పక్కనున్న నర్సుతో, "సారు మస్తు ఓర్పుగల్ల మనిషి. పేషెంట్లంటే గిట్లుండాలె" అంది. ఎగతాళి చేస్తున్నదేమో అని కళ్లలోకి చూశాను. ఎగతాళి కనిపించలేదు. కనిపించి ఉంటే నాకు బాగుండేది. నాకు నొప్పి లేదట! ఆ రోజులు నేను గోడ వైపు తిరిగి దుప్పటి అంచు కొరుకుతూ గడిపానని గోడకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇంట్లో మా ఆవిడ లక్ష్మీకాంతమ్మతో చెప్పుకుంటే ఆమె ఓదార్పు వేరే తీరు. "గా పిల్ల మంచిగనే ఉన్నది. మీకే ఎవరు మంచిగుండొద్దు. మోషే సారు మీద కోపం మోషే సారు మీద తీర్చుకోండ్రి, పిల్ల మీదెందుకు?" అంది. "నలుగుర్ని కన్నదాన్ని, ఒక్కనాడన్న మీ లెక్క గోడకు మొకం పెట్టిన్నా? మొత్తుకున్న. ఊరంత ఇన్నది. మంత్రసాని ఉరికొచ్చింది" అని కూడా అంది. ఆ ముక్కకూ నా చేతికీ సంబంధం ఏమిటో నేను అడగలేదు.

వేరే దారి లేక ఒప్పుకున్నాను. వచ్చే శుక్రవారం ఆపరేషన్. మంగళవారం పరీక్షలకు రమ్మన్నారు. అయితే ఒక షరతు. మీరు ఆ రోజు అక్కడికి రావాలి. వచ్చి నా మంచం దగ్గర నిలబడాలి. మీ ఎదుట మీ అమ్మాయి నన్ను మళ్లీ నొప్పికి వదిలేస్తే, సాక్షి మీరే. వదిలేయకపోతే, మొదటిసారి కావాలనే వదిలేసిందని తేలినట్టు. ఎటైనా తేలుతుంది. నా చేయి గురించి జాలితో రావద్దు. తోట గురించి కూడా వద్దు. లెక్క తేల్చడానికి రండి, అది మీకు వచ్చిన పనే.

ఉత్తరం పోస్టులో వేస్తే శుక్రవారం లోపు చేరుతుందన్న నమ్మకం లేదు. మంగళవారం మేడ్చల్ నుంచి తిరిగి రాగానే నరసింహ చేతికిచ్చి పంపుతాను. వాణ్ణి ఇంట్లోకి పిలిచి మంచినీళ్లు ఇవ్వండి. మార్కులు అడగడు.

ఇట్లు,
మీ సాక్ష్యం కోరు
జనార్ధన్ రెడ్డి.


తా.క.

మంగళవారం సాయంత్రం.

మోషే, నరసింహ బయట కారు హారను కొడుతున్నాడు. వాణ్ణి ఆగమన్నాను. పైన రాసినదంతా చించేద్దామనుకున్నాను. చించితే నీకు ఈ మాట అర్థం కాదు. అందుకే ఉంచాను, చదువు.

ఈ రోజు పరీక్షలకు పోయాను. నర్సు నా నోట్లో థర్మామీటరు పెట్టింది. సరిగ్గా అప్పుడే కెజియా వచ్చి స్టూలు మీద కూర్చుంది. పోయినసారి లాగే మొదలుపెట్టింది, "సార్, సున్న నుంచి పది దాక..." అని. నేను ఆపబోయాను. నోట్లో గాజు కడ్డీ. కొరికితే పగులుతుందని నర్సు వేలు చూపించింది. ఆ పిల్ల వాక్యం మొదటిసారి చివరి దాకా నడిచింది.

"సున్న అంటే నొప్పి అసలే లేనట్టు సార్. పది అంటే ఇగ ఓర్చుకోలేనట్టు. మీరు రెండంటే తక్వ ఉన్నట్టు, గప్పుడు మందు అక్కరలేదు. ఏడు, ఎనిమిది అంటే నేను ఉరికొచ్చి మందు పెంచుత."

నాకు వేరే ఏమీ వినిపించలేదు. బాలమల్లు ఏడుపు ఒక్కటే వినిపించింది. వాడు పొగడలేదు. వాడికి నొప్పి.

కడ్డీ తీశాక అన్నాను: "అమ్మాయీ, అప్పుడు నేనేసిన రెండు, నొప్పికి గాదు. నీకు."

ఆమెకు అర్థం కాలేదు. "నాకంటే?" అంది. "నీ పనికి మార్కులు. నీ పనికి అనుకోని ఏసిన. మోషే సారు బిడ్డవని రెండేసిన" అన్నాను. ఇంత సిగ్గుమాలిన వాక్యం నేను నా జన్మలో అనలేదు. నర్సు నవ్వబోయి ఆగింది. కెజియా నవ్వలేదు. నా ముఖంలోకే చూస్తూ ఉంది.

"మరి ఆ సాయంత్రం నొప్పి అసలు ఎంతుండె సార్?" అని మెల్లగా అడిగింది.

తొమ్మిది అన్నాను. పది అనడానికి అప్పుడు కూడా నోరు రాలేదు.

అప్పుడు చెప్పింది. కలిపే ఆ మందు ముసలివాళ్లకు కొంచెం చాలునని ఆమె అనుకోవడానికి కారణమైనవాళ్లలో నేనూ ఉన్నానట. నా ఒక్కడి మాట మీదే కాదట, ఇంకా కొందరున్నారట, కానీ నన్ను చూశాక ధైర్యం వచ్చిందట. ఆ తరువాత వచ్చిన ముసలివాళ్లకు అంతే కలిపిందట. వాళ్లలో ఎవరు గోడ వైపు తిరిగి పడుకున్నారో ఇప్పుడు పోయి కనుక్కోవాలి అంది. ఎవరెవరు నిజంగా రెండన్నారో, ఎవరు మర్యాదకు రెండన్నారో, ఎవరు నాలాంటివాళ్లో! నేను నీ మీద విసిరాననుకున్న రాయి ఎవరెవరికి తగిలిందో నాకు తెలియదు, మోషే. వాళ్ల పేర్లు కూడా తెలియవు.

తిడుతుందని కూర్చున్నాను. తిడితే లెక్క సరిపోయేది. ఆమె ఏం చేసిందంటే, నా ఎడమ చేయి, ఆ వంగని చేయి తన చేతిలోకి తీసుకుంది. "మాఫ్ జెయ్యుండ్రి సార్. నంబరడిగి పోయిన. మొకం జూస్తే తెలుస్తుండె" అంది.

అదీ సంగతి. నన్ను క్షమించమని ఆమె అడిగింది. తప్పు చెప్పింది నేను, వినకుండా ఆపింది నేను. ఆమె నన్ను అడుగుతుంది! నేను "సరే లే" అన్నాను. ఆలోచించు, సరే లే అన్నాను! బస్సులో కాలు తొక్కినవాడితో అన్నట్టు. కారులో వస్తూ దారి పొడుగునా వెతికాను, ఇంకేం అనవలసి ఉండెనో. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి. దొరకలేదు.

ఇప్పుడు నా భయం నొప్పి గురించి కాదు, సూది గురించీ కాదు. శుక్రవారం ఆమె వచ్చి 'పదికి ఎంత' అంటే నేను సరిగ్గా చెప్పగలనా అని. నాకు అలవాటు లేదు. ఎనిమిది ఉంటే నోరు మూడు అంటుంది, నాకు నా నోరు తెలుసు. మూడు అంటే మందు రాదు, మందు రాకపోతే వేళ్లు వంగవు. లక్ష్మీకాంతమ్మను పక్కన పెట్టుకుందామంటే ఆమె నాకంటే ముందు ఏడుస్తుంది, ఆమెను బయటికి పంపేస్తారు.

సాక్షిగా రమ్మన్న మాట వదిలేయి. ఊరికే వచ్చి కూర్చో. ఆమె అడిగినప్పుడు నేను అబద్ధం చెబుతున్నానో లేదో నా ముఖం చూసి నువ్వు చెప్పు. మొదటి బస్సుకు రా. వాళ్లు నన్ను పొద్దున్నే లోపలికి తీసుకుపోతారు.

జనార్ధన్